మిలటరీ ఇంటెలిజెన్స్ నుంచి డిజిటల్ ఫోరెన్సిక్స్‌కు: బెంగళూరులో ఏ దారి ఎవరికి తగును

సైన్యంలో ఇంటెలిజెన్స్ పని చేసి, డిశ్చార్జ్ బుక్ చేతికి వచ్చాక బెంగళూరులోనే స్థిరపడే తెలుగువారు తక్కువేమీ కాదు. జాలహళ్లిలోనో యలహంకలోనో చివరి పోస్టింగు ఉన్నవారు పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోతారు. అనంతపురం, చిత్తూరు జిల్లాల వారికైతే ఊరికీ ఉద్యోగానికీ మధ్య కొన్ని గంటల బస్సు ప్రయాణమే. వీరికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "సైబర్‌లోకి వెళ్లండి, మీ అనుభవానికి అక్కడ విలువ ఉంటుంది." సలహాలో తప్పు లేదు గాని, డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లు, ఫోన్ల నుంచి ఆధారాలు వెలికితీసే పని) అన్న ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పెద్దగా పోలిక లేని ఉద్యోగాలు నాలుగైదు ఉన్నాయని అది చెప్పదు. ఒకదానికి పనికొచ్చే అభ్యాసం మరొకదానిలో దోషమవుతుంది. అందుచేత ఉద్యోగాల సంగతికి వచ్చేముందు వాటిని ఏ కొలతలతో కొలవాలో తేల్చుకోవడం మంచిది.

కొలతలు

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న జీతం గురించి కాదు. మీరు రాసే నివేదిక చివరికి ఎవరి ముందుకు వెళుతుంది అన్నదే ఆ ప్రశ్న. ఇంటెలిజెన్స్‌లో రాసిన నివేదిక కమాండర్ ముందుకు వెళుతుంది. ఆయనకు కావలసింది సకాలంలో ఒక అంచనా, ఆ అంచనాపై మీకెంత నమ్మకముందన్న మాట. ఆ సమాచారం ఎవరు ఇచ్చారో మీరు దాచిపెడతారు, దాచిపెట్టడమే మీ విధి. ఫోరెన్సిక్స్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. మీరు చెప్పిన ప్రతి మాటకూ ఆధారం ఎక్కడ దొరికిందో, ఏ సాధనంతో తీశారో, అదే ఇమేజ్ (డిస్కుకు ఉన్నదున్నట్టు తీసిన నకలు) ఇస్తే మరొకరు కూడా అదే ఫలితానికి రాగలరో లేదో చూపించాలి.

ఒక ఉదాహరణ చూడండి. రాజీనామా చేసిన ఉద్యోగి లాప్‌టాప్ పరీక్షకు వచ్చింది. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అన్న చోట ఒక పెన్‌డ్రైవ్ తయారీదారు పేరు, సీరియల్ నంబరు ఉన్నాయి. చివరిసారి దాన్ని పెట్టిన సమయం రాజీనామాకు ముందు రాత్రి అని తెలుస్తోంది. ఇంటెలిజెన్స్ అలవాటున్న చేయి వెంటనే "సమాచారం బయటికి తరలిపోయింది, నమ్మకం స్థాయి అధికం" అని రాసేస్తుంది. కాని ఆ రిజిస్ట్రీ నమోదు చెప్పేది పెన్‌డ్రైవ్ పెట్టారని మాత్రమే, ఫైళ్లు కాపీ చేశారని కాదు. విండోస్ మామూలు అమరికలో ఫైలు కాపీని ఎక్కడా నమోదు చేయదు. ఆ డ్రైవ్ నుంచి ఏదైనా ఫైలు తెరిచి ఉంటే తెరిచిన ఫైళ్లకు గుర్తుగా విండోస్ ఉంచే లింక్ ఫైళ్లలోనో జంప్ లిస్టులలోనో జాడ దొరకవచ్చు. అది దొరికితే దొరికినంతే రాయాలి. ఈ నిగ్రహం అలవడటానికి కొందరికి నెలలు చాలు, కొందరికి ఏళ్లు పడుతుంది. మీ స్వభావం ఏ వైపో ముందే తెలిస్తే ఎంపిక సగం తేలినట్టే.

రెండో కొలత చదువు. ప్రభుత్వ ల్యాబ్ పోస్టులకు సైన్స్ లేదా కంప్యూటర్ డిగ్రీ, చాలాసార్లు పోస్టు గ్రాడ్యుయేషన్ అడుగుతారు. పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసిన జవాన్లకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్ సి ఉద్యోగాల దరఖాస్తుకు పనికొస్తుందే తప్ప, ఈ సైన్స్ డిగ్రీకి బదులు కాదు. దీన్ని గమనించకుండా నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కాలం గడిపినవారిని చూశాను.

మూడోది, మీ గతాన్ని ఎంతవరకు చెప్పుకోగలరన్నది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం యూనిఫాం విప్పినంత మాత్రాన మిమ్మల్ని వదలదు. ఏ యూనిట్, ఏ ప్రాంతం, ఏ పరికరం, ఎవరి ద్వారా అన్నవి రెజ్యూమేలో రాయకూడదు, ఇంటర్వ్యూలో నోరు జారకూడదు. అలా వివరం లేని అనుభవానికి ఏ రకం సంస్థ ఎంత విలువ కడుతుందన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నాలుగోది, పని వేళలూ ఈ నగరంలో జీవనమూ. పెన్షన్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం ఉన్నవారికి మొదటి ఉద్యోగంలో జీతం తగ్గినా ఇల్లు గడుస్తుంది. ఆ వెసులుబాటును నేర్చుకోవడానికి వాడుకోవాలి గాని, మొదటి ఏడాదే పాత హోదాకు తగిన జీతం కోసం పట్టుబట్టకూడదు.

ప్రభుత్వ ల్యాబ్‌లు, పోలీసు సైబర్ విభాగాలు

కర్ణాటక రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ మడివాళలో ఉంది. కేంద్ర ల్యాబ్‌లలో మనవారికి దగ్గరది హైదరాబాద్ రామంతాపూర్‌లోనిది. ఈ రంగంలో బెంగళూరుకు పాత చరిత్రే ఉంది; దేశంలో తొలి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ 2001లో ఇక్కడే ఏర్పడింది.

ల్యాబ్ పనిలో తొందరకు చోటు లేదు. దర్యాప్తు అధికారి పంపిన సీలు వేసిన ప్యాకెట్ వస్తుంది. దానిపై సీలు నమూనా సీలుతో సరిపోయిందో లేదో చూసి, ఫొటో తీసి, మహజరులో రాసిన వివరాలతో పోల్చి, ఆ తరువాతే తెరుస్తారు. హార్డ్ డిస్కును డిస్కులో ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ అనే పరికరం ద్వారా కలిపి ఇమేజ్ తీస్తారు, హాష్ విలువ (డేటాలో ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) నమోదు చేస్తారు. ఫోన్ అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆన్‌లో ఉన్న ఫోన్ తన నిల్వలో ఏదో ఒకటి మారుస్తూనే ఉంటుంది కాబట్టి, రెండుసార్లు డేటా తీస్తే రెండు హాష్‌లు వేర్వేరుగా వస్తాయి. హాష్ రక్షించేది తీసిన కాపీని, ఫోన్‌ను కాదు. కోర్టులో డిఫెన్సు న్యాయవాది దీన్నే పట్టుకుని అడిగినప్పుడు తడబడకుండా రెండు వాక్యాల్లో వివరించగలవాడే ఈ ఉద్యోగానికి తగినవాడు. కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడిచిపోవచ్చు. అప్పుడు మీ జ్ఞాపకం పనికిరాదు, ఆ రోజు రాసుకున్న నోట్సే ఆదుకోవాలి.

ఈ దారికి చట్టం కూడా బలం చేకూర్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం)లోని సెక్షన్ 176(3) ప్రకారం, ఏడేళ్లు లేక అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. అదే రోజు అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ కోరుతుంది. అందులో ఒక భాగంపై రికార్డు సమర్పించేవారు, రెండో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. హాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారన్నది ఆ ఫారంలోనే రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని ఇలాంటిదే అయిన 65బి సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు ఒక్కసారైనా పూర్తిగా చదవనిదే ఇంటర్వ్యూకు వెళ్లవద్దు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నియామకాలు ఎప్పుడు వస్తాయో తెలియదు, వచ్చినా పూర్తికావడానికి సమయం పడుతుంది. కర్ణాటక రాష్ట్ర ఉద్యోగానికి కన్నడ చదవడం రాయడం రావాలి. మారతహళ్లిలో పదేళ్లున్నా కన్నడ అక్షరాలు రానివారు మనలో చాలామందే కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. తెలుగు లిపి వచ్చినవారికి కన్నడ లిపి నెల రోజుల పని, వాయిదా వేయడానికి కారణమేమీ లేదు. అప్పుడప్పుడు కాంట్రాక్టు నియామకాలు కూడా జరుగుతాయి. జీతం తక్కువైనా అక్కడ ఏడాదిలో చేతి మీదుగా వెళ్లే ఫోన్ల సంఖ్య మరెక్కడా దొరకదు.

కన్సల్టింగ్ సంస్థల ఫోరెన్సిక్ బృందాలు

డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ వంటి సంస్థలకు ఫోరెన్సిక్ విభాగాలున్నాయి. బెంగళూరులో వాటి కార్యాలయాలూ ఉన్నాయి. ఇక్కడ పని ప్రధానంగా కంపెనీల్లో జరిగే మోసాలు, సమాచార చౌర్యం, లంచాల ఆరోపణలపై విచారణ. నివేదిక క్లయింటు ఆడిట్ కమిటీకో న్యాయవాదులకో వెళుతుంది. కోర్టుకు వెళ్లవచ్చు, వెళ్లకపోవచ్చు, కాని వెళుతుందన్నట్టే రాయాలి.

ఆఫీసర్లకు, ముఖ్యంగా షార్ట్ సర్వీస్ కమిషన్ ముగించుకుని వచ్చినవారికి, ఇది సహజంగా ఒదిగే దారి. చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని కలిపి ఒక కథనంగా మలచడం, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న కాలక్రమం కట్టడం, మనుషులతో మాట్లాడి విషయం రాబట్టడం మీకు కొత్త కాదు. అయితే ఈ చివరి నైపుణ్యమే ప్రమాదం కూడా. కంపెనీ ఉద్యోగితో జరిపే ఇంటర్వ్యూ స్వచ్ఛందమైనది. అతను లేచి వెళ్లిపోతానంటే ఆపే అధికారం మీకు లేదు. అతని సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ ఉన్నంత మాత్రాన ఫోన్ అంతా మీది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని మొదట చదవవలసింది ఇక్కడే. సమ్మతి పత్రం లేకుండా వాట్సాప్ డేటా నకలు తీసిన ఉత్సాహవంతుడి వల్ల మొత్తం విచారణే చిక్కుల్లో పడుతుంది.

పని వేళలకు హద్దు లేదు. శుక్రవారం సాయంత్రం ఫోన్ వస్తే శనివారం ఉదయానికి వేరే ఊరి ఫ్యాక్టరీలో ఇరవై లాప్‌టాప్‌ల ఇమేజ్ తీస్తూ ఉండవచ్చు. సర్వీసులో ఇరవై ఏళ్లు ఇంటికి దూరంగా ఉండి, ఇక ఇంటిపట్టున ఉందామనుకున్నవారు ఈ దారి జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇంట్లోవాళ్లను అడిగి నిర్ణయించుకోండి. వాళ్ల జవాబు మీ జవాబు కంటే నమ్మదగినది.

కంపెనీల అంతర్గత బృందాలు

ఔటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డ్, మాన్యతా టెక్ పార్క్ చుట్టూ ఉన్న విదేశీ కంపెనీల కేంద్రాల్లో సెక్యూరిటీ ఆపరేషన్స్ (నెట్‌వర్క్‌పై నిఘా), ఇన్సిడెంట్ రెస్పాన్స్ (దాడి జరిగితే ఎదుర్కోవడం) బృందాలు ఉంటాయి. సైన్స్ డిగ్రీ లేని హవల్దార్‌కైనా, బీసీఏ చేసిన సార్జెంట్‌కైనా ముందుగా తలుపు తెరిచేది ఈ చోటే. నా దృష్టిలో ఎక్కువమందికి తొలి మెట్టు ఇదే కావాలి.

ఇక్కడ నివేదిక చదివేది మేనేజరు. ఆయనకు కావలసింది మీకు బాగా తెలిసిన రూపమే: ఏం జరిగింది, ఇప్పటికి ఏం తెలుసు, ఏం తెలియదు, తరువాత ఏం చేయాలి. సిట్‌రెప్ (పరిస్థితి నివేదిక) రాసిన చేతికి ఇది కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశించిన సైబర్ సంఘటనలను తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను (కంప్యూటర్లలో జరిగిన పనుల నమోదులను) 180 రోజులు భద్రపరచాలి. ఆ ఆరు గంటల ఒత్తిడిలో తొణకని మనిషికి విలువ ఉంది.

ఇక్కడి అసలు సంఘర్షణ వేగానికీ ఆధారానికీ మధ్య. దాడి జరిగిన సర్వర్‌ను వెంటనే ఆపేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయమని వ్యాపార విభాగం ఒత్తిడి చేస్తుంది. ఆపేస్తే మెమరీలో ఉన్న ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ కనెక్షన్లు, కొన్నిసార్లు ఎన్‌క్రిప్షన్ తాళాలు కూడా పోతాయి. ముందు మెమరీ కాపీ తీసి, తరువాత నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, ఆ తరువాత డిస్క్ ఇమేజ్ తీయడం సరైన వరుస. కాని ప్రతిసారీ అంత సమయం ఇవ్వరు. దేన్ని వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో రాసిపెట్టేవాడు మంచి విశ్లేషకుడు.

లోపాలు రెండు. అమెరికా వేళల్లో రాత్రి షిఫ్టులు తప్పకపోవచ్చు. రెండోది మరింత లోతైనది: మొదటి స్థాయిలో హెచ్చరికలను మూసివేయడమే పనిగా మిగిలిపోతే, మూడేళ్ల తరువాత కూడా మీరు ఒక్క డిస్క్ ఇమేజ్ తీసి ఉండరు. చేరేముందే "ఇక్కడ ఫోరెన్సిక్ ఇమేజింగ్ ఎవరు చేస్తారు, బయటి సంస్థకు ఇస్తారా?" అని అడగండి. బయటికి ఇస్తామంటే అది ఫోరెన్సిక్స్ ఉద్యోగం కాదు.

థ్రెట్ ఇంటెలిజెన్స్ అనే సుఖమైన మలుపు

థ్రెట్ ఇంటెలిజెన్స్ అంటే సైబర్ దాడులు చేసేవారి గురించి సమాచారం సేకరించి విశ్లేషించే పని. పేరులోనే ఇంటెలిజెన్స్ ఉంది, పద్ధతి కూడా అదే: అవసరం నిర్ణయించడం, సేకరణ, విశ్లేషణ, పంపిణీ. దాడిచేసేవారి పద్ధతులను వాటిని వర్గీకరించే మైటర్ అటాక్ చట్రంలో అమర్చడం మీకు వారం రోజుల్లో అబ్బుతుంది. నమ్మకం స్థాయిలు చెప్పడం ఇక్కడ తప్పు కాదు, గుణం. రాత బాగా ఉన్న ఆఫీసర్లకు, నలభై దాటి కమాండ్ లైన్‌తో కుస్తీ పట్టే ఓపిక లేనివారికి ఇది గౌరవప్రదమైన ఉద్యోగం. కాని దీన్ని ఫోరెన్సిక్స్‌కు మెట్టుగా భావించి చేరేవారికి ఒక హెచ్చరిక: ఇక్కడ పాత అలవాట్లేవీ మారవు, అందుకే సుఖంగా ఉంటుంది. ఇన్సిడెంట్ రెస్పాన్స్ బృందంతో కలిసి కూర్చునే చోటైతేనే అటునుంచి ఇటు రావడం సాధ్యం.

స్వతంత్ర నిపుణుడిగా బోర్డు పెట్టడం, పోలీసులకు సాధనాలు అమ్మే కంపెనీల్లో శిక్షకుడిగా చేరడం కూడా ఉన్నాయి. రెండోది మంచిదే గాని ఖాళీలు కొద్ది. మొదటిది ఐదారేళ్ల చేతిపని తరువాత ఆలోచించవలసిన సంగతి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో తొలి ప్రశ్న "ఇలాంటివి ఎన్ని పరీక్షించారు?" అనే ఉంటుంది.

| | ప్రభుత్వ ల్యాబ్ | కన్సల్టింగ్ | కంపెనీ బృందం | థ్రెట్ ఇంటెలిజెన్స్ |
|---|---|---|---|---|
| నివేదిక ఎవరికి | కోర్టుకు | క్లయింటు, న్యాయవాదులకు | మేనేజరుకు | రక్షణ బృందాలకు |
| చదువు పట్టింపు | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| ప్రవేశం | నోటిఫికేషన్‌ను బట్టి | పరిచయాలు, ఇంటర్వ్యూ | త్వరగా | మధ్యస్థం |
| వేళలు | పగలు, కోర్టు సమన్లు | ప్రయాణాలు, గడువులు | షిఫ్టులు | ఎక్కువగా పగలు |
| మానుకోవలసిన అలవాటు | అంచనా రాయడం | అధికారంతో ప్రశ్నించడం | దాదాపు లేదు | లేదు |

కోర్సులు, ఖర్చు

సైబర్ శిక్షణ ఇచ్చే శాన్స్ సంస్థ కోర్సులు, వాటి తరువాత వచ్చే జీసీఎఫ్ఈ, జీసీఎఫ్ఏ సర్టిఫికెట్లకు ఈ రంగంలో గొప్ప పేరుంది, కాని ఒక్కో కోర్సు 8,000 డాలర్లకు పైమాటే. సొంత గ్రాట్యుటీ నుంచి ఆ డబ్బు తీయవద్దు. ఉద్యోగంలో చేరాక కంపెనీ చేత కట్టించుకోవచ్చు. సీహెచ్ఎఫ్ఐ అనే మరో సర్టిఫికెట్‌కు ఖర్చు తక్కువ. రెజ్యూమే వడపోతలో అది ఉపయోగపడుతుంది, అంతకు మించి ఆశించకూడదు. ఇంజనీరింగ్ లేదా తగిన డిగ్రీ ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సి-డాక్ వారి ఆరు నెలల సెక్యూరిటీ డిప్లొమా మంచి బేరం. ల్యాబ్ దారి ఖాయం చేసుకున్నవారు జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం వైపు చూడాలి. గాంధీనగర్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థకు ధార్వాడ్‌లో క్యాంపస్ ఉంది.

సాధనాల విషయంలో ఖరీదైనవాటి గురించి దిగులు పడవద్దు. ఫోన్ల నుంచి డేటా తీసే సెల్‌బ్రైట్ లైసెన్సు మీరు కొనలేరు, కొననక్కర్లేదు. ఎఫ్‌టీకే ఇమేజర్, ఆటాప్సీ, వొలటిలిటీ ఉచితంగా దొరుకుతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అభ్యాసం కోసం డిస్క్ ఇమేజ్‌లను ఉచితంగా ఉంచింది. వాటిలో ఒకదాన్ని తీసుకుని, కోర్టుకు సమర్పిస్తున్నట్టే పది పేజీల నివేదిక రాయండి. సమయాల దగ్గర జాగ్రత్త. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ సమయాన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రమాణ సమయంలో) దాస్తుంది, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ స్థానిక సమయంలో దాస్తుంది. లాప్‌టాప్ డిస్కులో యూటీసీ ప్రకారం 12వ తేదీ 19:10 అని నమోదైనది మన కాలమానంలో 13వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:40. ఐదున్నర గంటలు కలపడం మరిచిన నివేదికలో నిందితుడు ఒక రోజు ముందే నేరం చేసినట్టు తేలుతుంది.

ఈ నివేదికే రహస్యాల చిక్కును కూడా విప్పుతుంది. ఇంటర్వ్యూలకు వచ్చిన మాజీ సైనికులలో కొందరు ప్రతి ప్రశ్నకూ "అది చెప్పకూడదు" అంటారు. నిజమే, కాని ఎదుటివారికి తూచడానికి ఏమీ మిగలదు. "ఎనిమిది మంది బృందాన్ని నడిపాను, రోజువారీ నివేదికలను సరిచూశాను, రహస్య సమాచారాన్ని నియమాల ప్రకారం భద్రపరిచాను" అన్నంతవరకు గతాన్ని చెప్పి, మిగతా సమయమంతా అందరికీ తెరిచి ఉన్న ఇమేజ్‌పై మీరు రాసిన నివేదిక గురించి మాట్లాడండి. ప్రశ్నలు అటువైపు మళ్లుతాయి.

ఎవరికి ఏది

ముప్పై ఎనిమిదేళ్లకు పెన్షన్‌తో బయటికి వచ్చి డిగ్రీ లేని హవల్దార్ కంపెనీ బృందంలో చేరి, పక్కనే ఇగ్నో బీసీఏ మొదలుపెట్టడం మంచిది. సిగ్నల్స్ వైపు పనిచేసి సాంకేతిక డిగ్రీ ఉన్నవారు నోటిఫికేషన్ వస్తే ల్యాబ్‌కు దరఖాస్తు చేస్తూనే, దానికోసం ఆగిపోకుండా ఉద్యోగంలో ఉండాలి. ఆఫీసర్లలో ప్రయాణాలకు సిద్ధమైనవారికి కన్సల్టింగ్, కానివారికి థ్రెట్ ఇంటెలిజెన్స్. ఆఫీసర్లు వాణిజ్య ఉద్యోగంలో చేరే ముందు తమ హోదాకు అనుమతి అవసరమో కాదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. యాభై దాటిన సుబేదార్ మేజర్‌కు నేను ఫోరెన్సిక్ విశ్లేషణ సిఫారసు చేయను. ల్యాబ్‌లోనో కన్సల్టింగ్ సంస్థలోనో ఆధారాల గది బాధ్యత, అంటే సీళ్లు, రిజిస్టర్లు, ఎవరు ఎప్పుడు తీసుకున్నారన్న లెక్క, ఆయన కంటే బాగా చూసేవారు దొరకరు. ఆ ఉద్యోగం ప్రకటనల్లో అరుదుగా కనిపిస్తుంది కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి సమయం వారి చేతిలోనే ఉంది. డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సులకు జవాన్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) ఫీజు కట్టనక్కర్లేదు, ఆఫీసర్లకు అందులో పెద్ద భాగం ప్రభుత్వమే భరిస్తుంది. దరఖాస్తు యూనిట్ ద్వారా వెళ్లాలి. జాబితాలో సైబర్ కోర్సు కనిపిస్తే, అందులో ఇమేజింగ్ చేతితో చేయిస్తారా లేక స్లైడ్‌లు చూపించి పంపిస్తారా అని అంతకుముందు బ్యాచ్‌లో చేసినవారిని అడిగి, ఆ తరువాతే పేరు ఇవ్వండి.